ఇంటి తోట విత్తనాలు తోటివారితో మార్చుకోవడం ఎలా?

ఒక్క సొరకాయను తీగ మీదే ముదరనిస్తే వందల గింజలు వస్తాయి. ఇంటి తోటకు ఏడాదికి కావాల్సింది రెండు మూడు పాదులు. మిగతావి డబ్బాలో ఉండి ఉండి మొలకెత్తే శక్తి పోగొట్టుకుంటాయి. అదే సమయానికి ఇంకో పెరట్లో మన దగ్గర లేని వంగ రకమో చిక్కుడు రకమో అలాగే మిగిలిపోయి ఉంటుంది. మార్చుకుంటే ఇద్దరికీ లాభమే. పైగా ఒక రకం ఒక్క ఇంట్లోనే ఉంటే, ఒక చెడ్డ సీజనో డబ్బాలో పడ్డ పురుగో చాలు, అది పోయినట్టే. నలుగురి దగ్గర ఉంటే మళ్లీ అడిగి తెచ్చుకోవచ్చు.

అయితే కొన్న ప్యాకెట్ మీద రకం పేరు, మొలక శాతం, గడువు తేదీ అచ్చు వేసి ఉంటాయి. మార్చుకున్న పొట్లానికి ఇచ్చినవాళ్ల మాటే పూచీ. తీసుకున్నవాళ్లు ఆ మాట నమ్మి మట్టి కలుపుకుంటారు, పందిరి వేస్తారు, రెండు మూడు నెలలు నీళ్లు పోస్తారు. కాయ కాసేదాకా అసలు సంగతి బయటపడదు. కాబట్టి విత్తనం ఇవ్వడమనే పని పొట్లం కట్టేటప్పుడు కాదు, పూత రాకముందే మొదలవ్వాలి.

1. ఇవ్వదగ్గ రకమేనా చూసుకోండి

మీరు మొదట నాటిన ప్యాకెట్ మీద ఎఫ్1 లేదా హైబ్రిడ్ అని ఉంటే, ఆ మొక్క గింజల్ని ఆ రకం పేరుతో ఎవరికీ ఇవ్వకండి. రెండు వేర్వేరు వంశాలను కలిపితే వచ్చిన మొదటి తరం అది. దాని గింజలు నాటితే తరువాతి తరంలో గుణాలు విడిపోతాయి. ఒక మొక్కకు పెద్ద కాయలు, ఇంకోదానికి చిన్నవి, మరోదానికి అసలు కాపే సరిగా ఉండకపోవచ్చు. కొనుక్కొచ్చిన టమాటాల్లోంచి తీసిన గింజలకూ ఇదే ఇబ్బంది, వాటి పుట్టుక మనకు తెలియదు. ప్రయోగాలంటే ఇష్టపడేవాళ్లు అడిగితే విషయం చెప్పి ఇవ్వొచ్చు.

తరం తర్వాత తరం అదే గుణంతో వచ్చే దేశవాళీ రకాలు, సూటి రకాలు మార్పిడికి సరైనవి. కొన్ని కొత్త రకాల మీద వాటిని తయారుచేసినవారికి చట్టపరమైన హక్కులు ఉంటాయి. అలాంటి వాటి విషయంలో మీరుండే చోటి నియమాలు తెలుసుకుని ఇవ్వండి.

2. పుప్పొడి ఎక్కడినుంచి వచ్చిందో తెలిసి ఉండాలి

ఎక్కువమంది వదిలేసేది ఈ మెట్టునే. మార్పిడిలో వచ్చే గొడవల్లో చాలావాటికి మూలం కూడా ఇదే.

టమాటా, బఠాణి, బీన్స్, అలసంద పువ్వులు చాలావరకు తమ పుప్పొడితోనే పిందె కడతాయి. రెండు రకాలు కాస్త ఎడంగా ఉంటే పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. కొత్తగా విత్తనం కట్టేవాళ్లు వీటితో మొదలుపెడితే మంచిది. వంగ, మిరప, బెండ కూడా తమ పుప్పొడితో కాయగలవు కానీ తేనెటీగలు పక్క మొక్క పుప్పొడిని తెచ్చి కలుపుతాయి. పొడవు వంగ పక్కనే గుండ్రటి వంగ పూస్తుంటే గింజలు కలగాపులగం అవ్వొచ్చు. కారం లేని మిరప పక్కన ఘాటు మిరప ఉన్నా అంతే.

తీగజాతులది వేరే దారి. వీటిలో ఆడ పువ్వు, మగ పువ్వు వేరు కాబట్టి పుప్పొడిని పురుగులే మోసుకురావాలి. సొరతో సొర కలుస్తుంది, గుమ్మడి కలవదు. కీరదోస, కర్బూజ ఒకదానితో ఒకటి కలవవు. బీర, నేతిబీర మాత్రం దగ్గరి చుట్టాలు, కలిసే అవకాశం ఉంది. తోటకూర, పాలకూర, మొక్కజొన్న పుప్పొడిని గాలి మోస్తుంది. మనం వండుకునే పాలకూర, బీట్‌రూట్ ఒకే జాతివి. రెండూ ఒకేసారి పూతకు వస్తే ఆ గింజలు పంచకపోవడమే మేలు.

పుప్పొడి కలిసినా ఈ ఏడాది కాయలో తేడా కనిపించదు. రుచీ ఆకారమూ తల్లి మొక్కవే. తేడా గింజలో దాగి, వచ్చే ఏడు ఇంకొకరి పందిరి మీద బయటపడుతుంది. మొక్కజొన్న దీనికి మినహాయింపు, అందులో గింజ రంగులోనే తెలిసిపోవచ్చు.

ఒకే తోటలో రెండు సొర రకాలు ఉంటే చేత్తో పరాగం అద్దాలి. సొర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, బీర కూడా అంతే. గుమ్మడి, దోస తెల్లవారుజామున విచ్చుకుంటాయి. విచ్చుకోవడానికి కొన్ని గంటల ముందే ఆ పూటకు సిద్ధంగా ఉన్న మొగ్గల్ని చూసుకోండి. కింద చిన్న పిందె ఉన్నది ఆడ మొగ్గ, సన్నటి కాడ మాత్రమే ఉన్నది మగ మొగ్గ. రెండింటి కొనల్నీ మెత్తటి దారంతో చుట్టి పురుగు దూరకుండా మూయండి. పూసే వేళకు మగ పువ్వును కోసి, రేకలు తీసేసి, నడుమ ఉన్న పసుపు పొడిని ఆడ పువ్వు మధ్య భాగం మీద మెల్లగా రుద్దండి. అదే రకానికి చెందిన వేరే పాదు నుంచి మగ పువ్వు దొరికితే ఇంకా మంచిది. తర్వాత ఆడ పువ్వును మళ్లీ కట్టేసి, కాడకు రంగు దారం ముడివేయండి. నెలన్నర తర్వాత ఏ కాయ విత్తనానిదో చెప్పేది ఆ దారమే. ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి, లేకపోతే అది కూరలోకి వెళ్లిపోతుంది.

మిరప, వంగకు ఇంత పని లేదు. మొగ్గలు విచ్చకముందు ఒక కొమ్మకు పల్చటి నెట్ సంచి తొడిగి, రోజూ కొమ్మను కాస్త కదిపితే చాలు. పిందె కట్టాక సంచి తీసేసి ఆ కాయలకు గుర్తు పెట్టుకోండి.

3. విత్తనానికి మంచి కాయనే వదలండి

తినగా మిగిలినవి, చివరి కాపులో గిడసబారినవి విత్తనానికి వదిలితే ఆ గుణమే పంచినట్టవుతుంది. బాగా కాసిన, ఆరోగ్యంగా ఉన్న మొక్కను ముందే ఎంచుకోండి. తీగజాతుల్లో వీలైతే రెండు మూడు పాదుల గింజలు కలపండి. ఆకుల మీద పసుపు పచ్చ మచ్చలతో మొజాయిక్ తెగులు కనిపించిన మొక్క నుంచి, కాయ మీద నల్లటి గుంట మచ్చలున్న మొక్క నుంచి విత్తనం తీయవద్దు. ఈ తెగుళ్లలో కొన్ని గింజతోపాటే ప్రయాణం చేస్తాయి.

సొర, దోస, బీర విషయంలో ఇంకో జాగ్రత్త. కాయ చేదుగా ఉంటే తినకూడదు, విత్తనం ఇవ్వనూ కూడదు. ఆ చేదుకు కారణమైన కుకుర్బిటాసిన్లు మోతాదు మించితే ప్రాణం మీదికి తెస్తాయి. అదే పాదులోని లేత కాయ ముక్క ఒకటి నాలుకకు తగిలించి, చేదుగా ఉంటే వెంటనే ఉమ్మేయండి. ఆ పాదు విత్తనానికి పనికిరాదు.

4. ముదిరాకే తీయండి

వంకాయ రంగు మారి పసుపు, గోధుమ రంగులోకి రావాలి. కీరదోస పసుపుబారాలి. బెండకాయ చెట్టు మీదే ఎండి గీతల వెంట పగలడం మొదలవ్వాలి. చిక్కుడు, బీన్స్ తొక్క గలగలలాడాలి. ఎండిన బీరకాయను ఊపితే లోపల గింజలు కదిలిన చప్పుడు వస్తుంది.

టమాటాకు మాత్రం పులియబెట్టడం ఉంది. బాగా పండిన కాయలోంచి గింజల్ని గుజ్జుతో సహా గ్లాసులోకి పిండి, కొంచెం నీళ్లు పోసి, పైన పల్చటి గుడ్డ కట్టి నీడలో పెట్టండి. గింజ చుట్టూ ఉండే జిగురు మొలకను ఆపుతుంది, రెండు మూడు రోజుల్లో అది విడిపోతుంది. పైన తెల్లటి పొర కట్టి పులిసిన వాసన వస్తే అయినట్టే. ఇంకా ఉంచితే గింజలు గ్లాసులోనే మొలకెత్తుతాయి. నీళ్లు పోసి వంపితే తాలు గింజలు పైకి తేలి పోతాయి, మంచివి అడుగున ఉంటాయి. వాటిని కడిగి పింగాణీ ప్లేటు మీద ఆరబెట్టండి. కాగితం మీద పోస్తే అతుక్కుపోతాయి.

5. బాగా ఆరనివ్వండి

విత్తనాన్ని పాడుచేసేవి తేమ, వేడి. గింజలోని తేమ ఒక్క శాతం తగ్గితే నిల్వ ఉండే కాలం దాదాపు రెట్టింపవుతుందనీ, నిల్వ చోట వేడి 5 డిగ్రీలు తగ్గినా అంతేననీ విత్తన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. కానీ ఎండలో మాడ్చకూడదు. గాలి ఆడే నీడలో పల్చగా పరిచి, రోజూ కలియబెడుతూ వారం పది రోజులు ఉంచండి. ఆరిన సొర, గుమ్మడి గింజ వంచితే వంగదు, పుటుక్కున విరుగుతుంది. చిక్కుడు గింజ మీద గోరు నొక్కితే గుర్తు పడదు.

వానల రోజుల్లో ఎంత ఆరబెట్టినా గాలిలోని చెమ్మను గింజ పీల్చుకుంటుంది. అప్పుడు గింజలంత బరువు సిలికా జెల్‌ను, అంటే చెమ్మ పీల్చే గుళికలను, వాటితోపాటు గాజు సీసాలో వేసి, మూత బిగించి వారం ఉంచితే బాగా పొడిబారతాయి.

చిక్కుడు, అలసంద, బీన్స్ గింజల్లో పుచ్చు పురుగు గుడ్లు ముందే ఉండొచ్చు, పైకి కనిపించవు. పూర్తిగా ఆరిన గింజల్ని గాలి చొరని డబ్బాలో డీప్ ఫ్రీజర్‌లో వారం పెడితే చస్తాయి. తీశాక డబ్బా గది వేడికి వచ్చేదాకా మూత తీయవద్దు, లోపల చెమ్మ పట్టేస్తుంది. తడి ఉన్న గింజను ఫ్రీజర్‌లో పెడితే గింజే చచ్చిపోతుంది.

6. మొలక చూసి ఇవ్వండి

20 గింజల్ని తడి టిష్యూ పేపర్‌లో చుట్టి మూత ఉన్న డబ్బాలో వెచ్చగా పెట్టండి. బీన్స్, దోస వారంలో మొలుస్తాయి. వంగ, మిరపకు రెండు వారాలు ఆగాలి. 20కి 16 మొలిస్తే 80 శాతం. సగం కూడా మొలవకపోతే ఆ మాట చెప్పి, రెట్టింపు గింజలు ఇవ్వండి. ఉల్లి విత్తనం ఏడాది దాటితే బాగా తగ్గుతుంది. బెండ, మిరప రెండేళ్ల దాకా, చిక్కుడు జాతులు మూడేళ్లు, టమాటా, వంగ, దోస నాలుగేళ్ల దాకా, అదీ పొడిగా చల్లగా ఉంచితేనే.

7. పొట్లం మీద ఉన్నది ఉన్నట్టు రాయండి

ఇలా ఉంటే చాలు:

పొడవు సొర. లేత ఆకుపచ్చ కాయ. 3 పాదుల నుంచి, చేత్తో పరాగం అద్దినది. విత్తనం తీసింది 2025 జనవరి. మొలక 20కి 17. చేదు లేదు. పందిరి కావాలి.

చేత్తో అద్దకపోతే "పక్కనే గుండ్రటి సొర ఉంది, కలిసి ఉండొచ్చు" అని రాయండి. తీసుకునేవాళ్లు దానికి సిద్ధపడే నాటుతారు. మీకు ఏ పేరుతో వచ్చిందో ఆ పేరే ఉంచండి. పేరు తెలియకపోతే తెలియదనే రాసి, కాయ ఎలా ఉంటుందో వివరించండి. సొంత పేర్లు పెడితే ఒకే రకం నాలుగు పేర్లతో తిరిగి మళ్లీ మన చేతికే కొత్త రకంలా వస్తుంది. ఎవరి దగ్గర తెచ్చుకున్నారో చెబితే ఇంకా మంచిది.

8. ఇచ్చిపుచ్చుకోవడం

గింజకు గింజ లెక్క పెట్టుకోవద్దు. ఎదుటివాళ్ల తోటకు ఒక సీజన్‌కు సరిపోయేంత ఇస్తే చాలు. సొర, గుమ్మడి అయితే ఆరేడు గింజలు, చిక్కుడు పది పన్నెండు, టమాటా, వంగ, మిరప ఇరవై దాకా, తోటకూర అయితే చిటికెడు. కొత్తగా మొదలుపెట్టినవాళ్ల దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు. వాళ్లకు ఊరికే ఇచ్చి, కాపు వచ్చాక విత్తనం కట్టి మరొకరికి ఇమ్మని అడగండి. తీసుకునేటప్పుడు మీరూ మొహమాటం లేకుండా అడగండి: హైబ్రిడా, పక్కన ఇంకో రకం ఉందా, ఎప్పటి గింజ? మీ దగ్గరున్నది మొత్తం ఇచ్చేయకండి. కనీసం రెండు సీజన్ల విత్తనం ఉంచుకోండి.

పోస్టులో పంపితే గింజల్ని చిన్న కాగితపు పొట్లంలో కట్టి, బబుల్ షీట్ చుట్టి పంపండి. ఉత్త కవర్‌లో వేస్తే ముద్రలు, మెషీన్ల కింద నలిగిపోతాయి. పిన్నులు కొట్టకండి. దేశం దాటించి పంపవద్దు. చాలా దేశాలు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేని విత్తనాన్ని రానివ్వవు. తెగుళ్లు, కలుపు మొక్కలు సరిహద్దులు దాటకుండా పెట్టిన నియమం అది, మన మార్పిడికీ వర్తిస్తుంది.

9. వచ్చిన విత్తనాన్ని ఎలా వాడాలి

సగం నాటండి, సగం దాచండి. వాన ముంచినా, చీమలు ఎత్తుకుపోయినా రెండో అవకాశం ఉంటుంది. టమాటా, వంగ, క్యాబేజీ గింజల్ని నాటే ముందు సరిగ్గా 50 డిగ్రీల వేడి నీళ్లలో 25 నిమిషాలు ఉంచి, వెంటనే చల్లటి నీళ్లలో ముంచితే గింజ ద్వారా వచ్చే కొన్ని బ్యాక్టీరియా తెగుళ్లు తగ్గుతాయి. థర్మామీటర్ లేకుండా ఈ పని చేయవద్దు. వేడి కాస్త ఎక్కువైనా మొలక చస్తుంది. చిక్కుడు, గుమ్మడి లాంటి పెద్ద గింజలకు ఇది పనికిరాదు.

మొదటిసారి ఆ మొక్కల్ని మిగతావాటికి కాస్త దూరంగా, వేరే కుండీల్లో పెంచండి. ఆకుల్లో తేడా కనిపిస్తే పీకేయడం సులువు. ఎవరి దగ్గర ఏ విత్తనం తీసుకున్నారో, ఎవరికి ఏది ఇచ్చారో తేదీతో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. కాయ వచ్చాక ఫోటో తీసి ఇచ్చినవాళ్లకు పంపండి. చెప్పినట్టే కాస్తే ఆ రకం మీద వాళ్లకు నమ్మకం పెరుగుతుంది. కలిసిపోయిందని తేలితే అదే డబ్బాలోంచి ఇంకెవరికీ ఇవ్వకుండా ఆగుతారు, మీరు కూడా మీ దగ్గర ఆ గింజలు తీసుకున్నవాళ్లకు అదే రోజు ఫోన్ చేసి చెప్పొచ్చు.