నవంబరు 10 లోపు రక్షణ సబ్‌కాంట్రాక్టర్లు తీసుకోవలసిన సైబర్ జాగ్రత్తలు

అమెరికా రక్షణ శాఖకు నేరుగా గానీ, పెద్ద కంపెనీల కింద గానీ పనిచేసే చిన్న సంస్థలకు 2026 నవంబరు 10 దాటరాని గడువు. రక్షణ కాంట్రాక్టర్ల సైబర్ భద్రతను మదింపు చేసే సీఎంఎంసీ నిబంధన 2025 నవంబరు 10 నుంచే కాంట్రాక్టుల్లోకి వచ్చినా, తొలి ఏడాది చాలావరకు స్వీయ మదింపుతోనే గడిచింది. 2026 నవంబరు 10న రెండో దశ మొదలయ్యాక, సీయూఐ అనే (రహస్య ముద్ర లేకపోయినా కాపాడవలసిన) నియంత్రిత సమాచారంతో ముడిపడిన చాలా పనులకు, గుర్తింపు పొందిన బయటి సంస్థ పరిశీలించి ఇచ్చే రెండో స్థాయి ధ్రువీకరణ ఉండాలి.

ముందుగా సాఫ్ట్‌వేర్ కొనకండి. అలాంటి సమాచారమున్న ఒక డ్రాయింగు మీ చేతికి వచ్చిన తర్వాత ఏ మెయిల్‌లో, ఏ ల్యాప్‌టాప్‌లో, ఏ బ్యాకప్‌లో, వర్క్‌షాపులోని ఏ మెషిన్ పక్కన ఉంటోందో కాగితం మీద గీసుకోండి. ఆ సమాచారాన్ని కొద్దిమందికీ కొన్ని కంప్యూటర్లకూ పరిమితం చేస్తే, రెండో స్థాయికి కావలసిన 110 భద్రతా నిబంధనలను 320 అంశాలుగా విడదీసి చూసే మదింపు పరిధి తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది. చిన్న సంస్థకు ఈ ధ్రువీకరణ ఖర్చు సుమారు 1,04,670 డాలర్లని రక్షణ శాఖే అంచనా వేసింది. భద్రతా ఏర్పాట్లకయ్యే ఖర్చు అందులో లేదు, ఎందుకంటే అవి 2017 చివరికే పూర్తి కావలసినవని శాఖ వాదన. చాలామంది బడ్జెట్ తప్పేది ఇక్కడే.

110కి కనీసం 88 మార్కులు వస్తే, మిగిలిన లోపాలను సరిదిద్దుకోవడానికి 180 రోజుల గడువుతో షరతుల ధ్రువీకరణ ఇస్తారు. అయితే బహుళ అంచెల లాగిన్ (పాస్‌వర్డుతో పాటు మరో రుజువు అడిగే పద్ధతి) వంటి ఎక్కువ మార్కుల అంశాలను వాయిదా వేయడానికి వీల్లేదు. భద్రతా ప్రణాళిక పత్రం లేకపోతే మదింపే సాగదు. లేని మార్కులు మాత్రం నమోదు చేయకండి. ఏటా సంతకం చేసి ఇచ్చే హామీ అబద్ధమైతే, తప్పుడు క్లెయిముల చట్టం కింద కేసు పడవచ్చు.

హైదరాబాదులోని బృందంతో సర్వర్ల నిర్వహణ చేయించుకునే మన తెలుగు యజమానులు మరింత జాగ్రత్తపడాలి. ఎగుమతి నియంత్రణ ఉన్న డ్రాయింగును అమెరికా పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేని వ్యక్తి అనుమతి లేకుండా చూస్తే, అది చట్టవిరుద్ధమైన ఎగుమతి కావచ్చు. అందువల్ల ఆ ఫోల్డర్లకు అడ్మిన్ హక్కులు ఎవరెవరికి ఉన్నాయో ఈ వారమే సరిచూసుకోండి.

చొరబాటు జరిగిందని తెలిసిన 72 గంటల్లో రక్షణ శాఖకు నివేదించాలి, దెబ్బతిన్న యంత్రాల డిస్క్ ప్రతులను కనీసం 90 రోజులు భద్రపరచాలి. కంగారులో కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయవద్దని సిబ్బందికి ఇప్పుడే చెప్పి ఉంచండి.