బ్యాటరీ నిండుగా ఉన్నా ఇన్వర్టర్ ఆగిపోతోందా: క్యాంపర్ వ్యాన్ లిథియం వ్యవస్థలో సమస్య - పరిష్కారం

లక్షణం

వ్యాన్‌లో 12.8 వోల్టుల, 200 ఆంపియర్-అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, దానికి 2000 వాట్ల ఇన్వర్టర్ ఉన్నాయి. లైట్లు, ఫ్యాను, చిన్న ఫ్రిజ్ ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తాయి. ఇండక్షన్ స్టవ్ వేసిన కాసేపటికి మాత్రం ఇన్వర్టర్ కూత పెట్టి ఆగిపోతుంది. బ్యాటరీ మానిటర్ అప్పటికీ 90 శాతం చూపిస్తూనే ఉంటుంది. ఈ దశలో చాలామంది ఇన్వర్టర్‌నో బ్యాటరీనో తప్పుపట్టి మార్చేస్తారు. కొత్తది పెట్టాక కూడా అదే కూత వినిపిస్తుంది.

ముందుగా చేయవలసిన పరీక్ష

దీనికి సాధారణ మల్టీమీటర్ చాలు. స్టవ్ నడుస్తుండగానే బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర ఒకసారి, ఇన్వర్టర్ డీసీ టెర్మినళ్ల దగ్గర ఒకసారి వోల్టేజీ కొలవాలి. లోడు లేనప్పుడు కొలిచి 13.2 వచ్చిందని సంతృప్తి పడితే ఆ కొలతకు విలువ లేదు. చెడిపోయిన జాయింటు గుండా కూడా లోడు లేనప్పుడు పూర్తి వోల్టేజీ కనిపిస్తుంది. పైగా ఈ రకం బ్యాటరీ వోల్టేజీ 30 నుంచి 90 శాతం ఛార్జి వరకు దాదాపు కదలదు కాబట్టి, ఆ అంకె బ్యాటరీలో ఎంత మిగిలిందో కూడా చెప్పదు. ఇంత తేలికైన పరీక్షను దాటవేసి వేల రూపాయల సామాను మార్చడం చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది.

ఇన్వర్టర్ ఎలా ఆగిందో కూడా గమనించండి. ఎర్ర లైటు, కూత ఉండి ఇన్వర్టర్ ఇంకా మేలుకొనే ఉంటే, అది తనకు అందిన తక్కువ వోల్టేజీని చూసి ఆగింది. ఏ లైటూ లేకుండా పూర్తిగా చచ్చిపోయి, బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర కూడా వోల్టేజీ పడిపోతే, బ్యాటరీలోని బీఎంఎస్ (సెల్లులను కాపాడే రక్షణ సర్క్యూట్) తలుపు మూసింది. 100 ఆంపియర్ల బీఎంఎస్ ఉన్న బ్యాటరీ నుంచి నిరంతరంగా రాగలిగేది సుమారు 1280 వాట్లే. దాని మీద 1500 వాట్ల కెటిల్ పెడితే బీఎంఎస్ ఆపడం దాని ధర్మం. అక్కడ లోడు తగ్గించాలి, లేదా తగిన బ్యాటరీ పెట్టాలి.

అసలు దొంగ: లగ్గు (కేబుల్ చివర ఉండే లోహపు ముక్క) కింద దాగిన నిరోధం

రెండు చోట్లా కొలిచిన అంకెల మధ్య తేడా 0.3 వోల్టులు దాటితే కారణం దారిలోనే, అంటే మధ్యనున్న కేబుళ్లలో, జాయింట్లలోనే ఉంది. 1800 వాట్ల స్టవ్‌కు ఇన్వర్టర్ నష్టాలు కూడా కలిపితే బ్యాటరీ నుంచి దాదాపు 160 ఆంపియర్ల కరెంటు ప్రవహిస్తుంది. అంత కరెంటులో ఒక్క మిల్లీఓమ్ నిరోధం 0.16 వోల్టులు మింగేస్తుంది. రానూ పోనూ ఆరు మీటర్ల 16 స్క్వేర్ ఎం.ఎం. రాగి కేబుల్‌కు సుమారు 6.5 మిల్లీఓమ్‌లు ఉంటాయి కనుక, అక్కడే ఒక వోల్టు పోతుంది. దానికి ఐదేసి మిల్లీఓమ్‌ల చెడ్డ జాయింట్లు రెండు తోడైతే ఇంకో 1.6 వోల్టులు పోయి, 12.8 కాస్తా 10.2 అవుతుంది. చాలా ఇన్వర్టర్లు 10.5 దగ్గర ఆగిపోతాయి. వోల్టేజీ తగ్గేకొద్దీ అదే వాట్ల కోసం ఇన్వర్టర్ మరింత కరెంటు లాగుతుంది కాబట్టి పతనం ఇంకా వేగవంతమవుతుంది.

ఇన్వర్టర్ ఆగడం చిన్న ఇబ్బంది. పెద్ద ప్రమాదం వేరే ఉంది. 160 ఆంపియర్ల దగ్గర ఐదు మిల్లీఓమ్‌ల జాయింటు ఒక్కటే 128 వాట్ల వేడిని బొటనవేలంత చోట పుట్టిస్తుంది. పక్కనే బ్యాటరీ ప్లాస్టిక్ ఒళ్లు, ప్లైవుడ్ పెట్టె, పరుపు ఉంటాయి. ఫ్యూజు దీన్ని ఆపదు, ఎందుకంటే కరెంటు దాని పరిమితి లోపలే ఉంది. బీఎంఎస్ కూడా ఆపదు, ఎందుకంటే అది సెల్లుల వేడిని చూస్తుందే గాని బయటి నట్టు వేడిని చూడదు. ఎంత ఖరీదైన రక్షణ పరికరాలు కొన్నా ఈ ఒక్క చోటుకు కాపలా ఉండదు, అందుకే ఇంతగా చెప్పవలసి వస్తోంది.

ఇలాంటి జాయింటు చూపుకు బాగానే కనిపిస్తుంది, చేత్తో లాగితే కదలదు కూడా. నేను విప్పి చూసిన వాటిలో ఎక్కువసార్లు దొరికింది వాషరు. టెర్మినల్‌కూ లగ్గుకూ మధ్యలో స్టెయిన్‌లెస్ స్టీలు వాషరు వేసి, దాని మీద లగ్గు పెట్టి బిగిస్తారు. స్టెయిన్‌లెస్ స్టీలు నిరోధకత రాగి కంటే 40 రెట్ల వరకు ఎక్కువ, పైగా ఆ వాషరుతో ఒక కొత్త స్పర్శ తలం కూడా చేరుతుంది. సరైన వరుస ఇది: టెర్మినల్, దానికి నేరుగా ఆనుకుని లగ్గు, ఆ పైన ఫ్లాట్ వాషరు, స్ప్రింగ్ వాషరు, చివర నట్టు. ఒకే బోల్టుకు నాలుగు లగ్గులు ఉంటే ఇన్వర్టర్ లగ్గు అన్నిటికంటే కింద ఉండాలి.

తరువాతి స్థానం సుత్తితోనో కటింగ్ ప్లేయరుతోనో నొక్కిన లగ్గుది, అంటే మన ఎలక్ట్రీషియన్లు థింబుల్ అనేదానిది. దానిని హైడ్రాలిక్ క్రింపింగ్ టూలుతో, ఆ సైజు డైతోనే నొక్కించాలి. రాగి అని చెప్పి అమ్మే కేబుళ్లలో రాగి పూత పూసిన అల్యూమినియం కూడా ఉంటుంది. ఒక పోగును బ్లేడుతో గీరితే లోపల తెల్లగా కనిపిస్తే అది వద్దు. తగరం పూత ఉన్న మంచి కేబుల్ పైన తెల్లగా ఉన్నా లోపల ఎర్రగానే ఉంటుంది.

దొంగను పట్టే పద్ధతి ఇది. స్టవ్ నడుస్తుండగా మీటరును డీసీ మిల్లీవోల్టులలో పెట్టి, ఒక ప్రోబును టెర్మినల్ లోహం మీద, రెండోదాన్ని లగ్గు గొట్టం మీద ఆనించాలి. నట్టు మీద ఆనిస్తే లెక్క తప్పుతుంది. 30 మిల్లీవోల్టులు దాటిన ప్రతి జాయింటునూ అనుమానించి, లోడు ఆపి, నెగెటివ్ కేబుల్ ముందుగా తీసి, విప్పి, ఇత్తడి బ్రష్‌తో శుభ్రం చేసి, తయారీదారు చెప్పిన టార్క్‌తో బిగించాలి. ఫ్యూజు హోల్డరు, ఐసొలేటర్ స్విచ్, బస్‌బార్ (కేబుళ్లన్నీ కలిసే లోహపు పట్టీ) కూడా ఇలాగే చూడాలి. నెగెటివ్ వైపును వదిలేయకూడదు, చాలాసార్లు దొంగ అక్కడే ఉంటాడు. ఘాట్ రోడ్ల కుదుపులకు నట్లు సడలుతాయి కనుక, బిగించాక నట్టు మీద పెయింటుతో గీత గీస్తే కదిలినదీ లేనిదీ తరువాత కంటికే తెలుస్తుంది.

కేబుల్ కూడా మార్చవలసి వస్తే ఇన్వర్టర్‌ను బ్యాటరీకి దగ్గరగా జరిపి, 50 స్క్వేర్ ఎం.ఎం. కేబుల్ వేయండి. పాజిటివ్ టెర్మినల్ నుంచి జానెడు దూరం దాటకుండా క్లాస్ టీ ఫ్యూజు పెట్టండి. లిథియం బ్యాటరీ షార్ట్ అయితే వేల ఆంపియర్లు ప్రవహిస్తాయి. అంత కరెంటును తెంచలేని చౌక ఫ్యూజు కరిగాక కూడా ఆర్క్ (ఖాళీ మీదుగా దూకే నిప్పు) కొనసాగవచ్చు. క్లాస్ టీ ఫ్యూజు 20,000 ఆంపియర్లను తెంచగలదు.

తక్కినవి

ఇన్వర్టర్ కేబుల్ తగిలించగానే నిప్పురవ్వ వచ్చి బీఎంఎస్ ఆగితే, కారణం ఇన్వర్టర్‌లోని కెపాసిటర్లు ఒక్కసారిగా నిండటమే. ముందుగా 12 వోల్టుల కారు బల్బు ద్వారా కొన్ని సెకన్లు నింపి, తరువాత కేబుల్ తగిలించండి. ఛార్జర్ ట్యూబులర్ బ్యాటరీ సెట్టింగులో ఉంటే 14.6 వోల్టులు దాటి బీఎంఎస్ మూసుకుంటుంది, కనుక దాన్ని లిథియంకు మార్చాలి. లేహ్ లాంటి చోట తెల్లవారుజామున సోలార్ ఛార్జింగ్ ఆగితే చలి కారణం. సున్నా డిగ్రీల కంటే తక్కువలో ఛార్జి చేస్తే సెల్లులలో లిథియం లోహంగా పేరుకుంటుంది, అందుకే బీఎంఎస్ ఆపింది. దాన్ని బైపాస్ చేయకుండా ఎండ వచ్చి బ్యాటరీ వెచ్చబడే వరకు ఆగండి. వ్యాన్ ఇంజన్‌తో తిరిగి కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ వేడెక్కుతుంటే, దాన్ని బ్యాటరీకి నేరుగా కలిపే రిలే తీసేసి, కరెంటును అదుపులో ఉంచే డీసీ-డీసీ ఛార్జర్ పెట్టాలి. ఇన్వర్టర్ బోర్డు పోవడం అరుదు. రెండు చివర్లలోనూ లోడు మీద 12 వోల్టులకు పైగా ఉండీ, స్టవ్ వాట్లు ఇన్వర్టర్ పరిమితిలోనే ఉండీ, అది ఆగుతూనే ఉంటే అప్పుడు మాత్రమే దాన్ని విప్పి రిపేరు షాపుకు తీసుకెళ్లండి.