ఇంటి దగ్గర్లోనే బాల్డ్ ఈగిల్‌ని చూడాలంటే

అమెరికాలో ఉంటూ బాల్డ్ ఈగిల్‌ని, అదే తెల్ల తల ఉండే పెద్ద గద్దని, ఇంకా చూడలేదా? దాని ముఖ్యమైన తిండి చేపలు కాబట్టి ముందు దగ్గర్లో పెద్ద నదో, చెరువో, డ్యామో ఎక్కడుందో చూసుకోండి. మేరీల్యాండ్ వైపు ఉన్నవాళ్లయితే నవంబర్‌లో సస్క్వెహానా నది మీదున్న కోనొవింగో డ్యామ్‌కి తప్పకుండా వెళ్లండి, టర్బైన్ల గుండా వచ్చి సొమ్మసిల్లిన చేపల కోసం అక్కడ ఈ ఈగిల్స్ గుంపులుగా చేరతాయి. పొద్దున్నే వెళ్లి, ఒడ్డున ఎత్తైన చెట్ల పైకొమ్మల్ని బైనాక్యులర్స్‌తో నిదానంగా వెతకండి.

తెల్ల తల కోసమే చూడకండి. దాదాపు 5 ఏళ్లు వస్తే గానీ తల తెల్లబడదు, అప్పటిదాకా ఒళ్లంతా ముదురు గోధుమరంగే, అక్కడక్కడా తెల్ల మచ్చలు. ఎగిరేటప్పుడు రెక్కలు బల్లపరుపుగా చాస్తుంది. దూరం నుంచి ఇలాగే అనిపించే టర్కీ వల్చర్ (ఒక రకం రాబందు) అయితే రెక్కలు కాస్త పైకెత్తి అటూ ఇటూ ఊగుతుంది.

గూడు కనిపిస్తే మాత్రం కనీసం 330 అడుగుల దూరంలోనే ఆగిపోండి, ఫోటో కోసం దాన్ని బెదరగొట్టొద్దు.