మనం ఊరెళ్తే గూట్లో కోళ్లకు కాలక్షేపం

పొద్దున పెళ్లికని వెళ్లి మనం రాత్రికి తిరిగొచ్చేలోపు, జాలీలో మూసేసిన కోళ్లు ఏమీ తోచక ఒకదాని ఈకలు ఒకటి పీక్కుంటాయి, మా నల్లపెట్ట తోక అలాగే బోడైంది. తోటకూర కట్టను కింద పడేయకండి, తొక్కేస్తాయి. తల కంటే కాస్త ఎత్తులో పురికొసతో వేలాడదీస్తే, ఎగిరి ఒక్కో ఆకూ తెంపుకుంటూ, అది ఊగిపోతే మళ్లీ దాని వెంటపడుతూ చాలాసేపు గడిపేస్తాయి. కొస పొడుగ్గా వదలొద్దు, మింగేస్తాయి. ఎండుగడ్డి పరిచి అందులో జొన్నలు చల్లండి, గీరుకుంటూ వెతుక్కుంటాయి. నాలుగు పెట్టలకు ఒక్క గుప్పెడు చాలు, చిరుతిండి మొత్తం మేతలో 10 శాతం దాటకూడదు. ఎండాకాలమైతే గడ్డకట్టించిన పుచ్చకాయ ముక్క పెట్టండి. ఉప్పు ఎక్కువుండే కూరలు, పచ్చళ్లు మాత్రం వద్దు. నీళ్లు రెండు చోట్ల పెట్టండి, ఒక గిన్నె తన్నేయడం ఖాయం.