కాలు ఆడించినా డిక్కీ తెరుచుకోవడం లేదా? కారణాలు, పరిష్కారాలు

వెనక బంపర్ కింద కాలు ఆడిస్తే దానంతటదే తెరుచుకునే డిక్కీ మీ కారుకు ఉంది. రెండు చేతుల్లో బరువైన సామాను. కారు వెనక ఒంటికాలి మీద నిలబడి ఎన్నిసార్లు కాలు ఆడించినా డిక్కీ ఉలకదు, పలకదు. సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసే ముందు ఒక చిన్న పని చేయండి. కీ మీదున్న డిక్కీ బటన్ నొక్కి చూడండి. తెరుచుకుంటే మోటారు, లాకు బాగానే ఉన్నట్టు. ఇక చూడాల్సింది కాలి సెన్సర్‌నీ, కారు కీని గుర్తుపడుతోందా లేదా అన్నదాన్నీ.

బటన్‌తో తెరుచుకుంటుంది, కాలితో తెరుచుకోదు

ముందుగా కారు స్క్రీన్‌లోని సెట్టింగ్స్‌లో ఈ సదుపాయం ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఉంటే, నా ఉద్దేశంలో అసలు కారణం చాలాసార్లు కాలు ఆడించే తీరులోనే ఉంటుంది. చాలా కార్లలో వెనక బంపర్ లోపల రెండు సెన్సర్లు ఉంటాయి. పైది మోకాలి కింది భాగాన్ని, కిందది బంపర్ కిందికి వచ్చే పాదాన్ని గమనిస్తాయి. కాలు దగ్గరికి వచ్చి, వెంటనే వెనక్కి వెళ్లినట్టు రెండూ గుర్తిస్తేనే కారు దాన్ని సైగగా తీసుకుంటుంది. పిల్లి దూరినప్పుడో, బంతి దొర్లినప్పుడో డిక్కీ తెరుచుకోకూడదనే ఈ ఏర్పాటు.

అందుకే చీపురు ఊపినట్టు కాలు పక్కలకు ఊపితే చాలా కార్లు పట్టించుకోవు. పాదం కిందే ఉంచేసినా లాభం లేదు. దూరం నుంచి బొటనవేలు మాత్రమే చాపితే పై సెన్సర్‌కు ఏమీ తెలియదు. బంపర్‌కు దగ్గరగా నిలబడి, పాదాన్ని తిన్నగా కిందికి పోనిచ్చి, ఆపకుండా అదే దారిలో వెనక్కి తీసుకోండి. మొత్తం ఒక సెకను పని. ఆ తర్వాత కాలు నేల మీద పెట్టి కాసేపు ఆగండి. సెన్సర్ అన్ని కార్లలోనూ సరిగ్గా మధ్యలోనే ఉండదు, దాని చోటు మాన్యువల్‌లో బొమ్మతో సహా ఉంటుంది. సైలెన్సర్ వేడిగా ఉంటుంది, కాలు తగలనివ్వకండి. నేల తడిగా ఉన్నా, మోకాళ్ల నొప్పులున్నా ఒంటికాలి మీద నిలబడొద్దు, బటనే వాడండి.

అసలు కాలితో పనే లేని కార్లూ ఉన్నాయి. హ్యుందాయ్ స్మార్ట్ టెయిల్‌గేట్ ఉన్న చాలా మోడళ్లలో తలుపులన్నీ మూసి లాక్ చేశాక, కీతో వెనక మూడు సెకన్లు నిలబడితే చాలు.

కీ మీ దగ్గరే ఉండాలి, అదీ వెనక బంపర్‌కు సుమారు ఒక మీటరు లోపు. కీ ఉన్న బ్యాగు సీటు మీద వదిలేస్తే చాలా కార్లు కాలి సైగను లెక్కచేయవు. కీ, ఫోన్ ఒకే జేబులో ఉంటే సిగ్నల్ దెబ్బతినొచ్చు, వేరు చేసి చూడండి. కీలో బ్యాటరీ నీరసపడితే కారు దాన్ని గుర్తించే దూరం తగ్గిపోతుంది. అప్పుడు కొత్తది వేయాలి. చాలా కీలలో సీఆర్ 2032 రకం ఉంటుంది, కొనే ముందు పాతదాని మీద నంబర్ చూసుకోండి.

ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చేయదు

బంపర్ కింద బురద, మంచు, నీళ్లు ఉంటే తుడిచి చూడండి. సైకిల్ క్యారియర్, టోయింగ్ హుక్ లాంటివి బిగించినా సెన్సర్ తికమకపడొచ్చు. బంపర్ రిపేరు తర్వాతే ఇబ్బంది మొదలైతే, సెన్సర్ కనెక్టర్ సరిగా పెట్టారా అని అడగండి.

తనంతట తానే తెరుచుకుంటుంది

కారు కడిగేటప్పుడు ఎక్కువగా ఇలా జరుగుతుంది. జేబులో కీ ఉంటుంది, బంపర్ మీద నీటి ధార పడుతుంది, కారు దాన్ని కాలు అనుకుంటుంది. కడిగే ముందు కీని దూరంగా పెట్టండి, లేదా సెట్టింగ్స్‌లో ఆఫ్ చేయండి. టైరు మార్చేటప్పుడు, పిల్లలు కారు వెనక ఆడుకునేటప్పుడు కూడా ఈ జాగ్రత్త తప్పనిసరి.

సగంలో ఆగిపోతుంది

కంగారులో రెండోసారి కాలు ఆడించారేమో గుర్తుచేసుకోండి. డిక్కీ కదులుతుండగా మళ్లీ సైగ అందితే చాలా కార్లు అక్కడికక్కడే ఆపేస్తాయి. ప్రతిసారీ ఒకే ఎత్తులో ఆగుతుంటే ఎవరో ఎత్తు సెట్ చేసి ఉంటారు. కావలసిన ఎత్తుకు చేత్తో లేపి, డిక్కీ మీదున్న బటన్‌ను శబ్దం వచ్చేదాకా నొక్కి పట్టుకుంటే చాలా మోడళ్లలో మారిపోతుంది.

బటన్‌కు కూడా పలకదు

గేర్ పార్క్‌లో ఉందా? కారు బ్యాటరీ బలంగా ఉందా? ఈమధ్య బ్యాటరీ తీసి పెట్టి ఉంటే డిక్కీని చేత్తో పూర్తిగా మూసి, మళ్లీ బటన్ నొక్కండి. చాలాసార్లు దీంతోనే దారికొస్తుంది.

ఇవన్నీ అయ్యాక రెండో కీతోనూ ప్రయత్నించండి. దానితోనూ కాకపోతే మెకానిక్‌కు మూడు విషయాలు చెప్పండి: బటన్‌తో తెరుచుకుంటోందా, రెండు కీలతోనూ ఇలాగే ఉందా, ఎప్పటి నుంచి మొదలైంది. బంపర్ విప్పాలా వద్దా అన్నది ఆయన తేల్చుకోవడం సులువవుతుంది.