పాత హిప్‌హాప్ రికార్డుల వెనకున్న అసలు పనివాళ్లను పట్టుకోవడం ఎలా?

పాత హిప్‌హాప్ గురించి ఏ జాబితా తీసినా అవే ఐదారు పేర్లు. వాళ్లు గొప్పవాళ్లు కారని కాదు. కానీ అట్ట మీద పెద్దక్షరాల్లో ఉన్నది ఒకరి పేరు, పాటను నిలబెట్టింది ఇంకొకరు కావడం ఈ సంగీతంలో మామూలు. మన పాత సినిమా రికార్డుల మీద వయొలిన్ వాయించినవాళ్ల పేర్లు ఎన్నిసార్లు చూశారు? అక్కడా అంతే. కాకపోతే న్యూయార్క్ రికార్డుల విషయంలో కాస్త ఓపిక పడితే చాలా పేర్లు బయటపడతాయి. మంచి హెడ్‌ఫోన్స్, ఇంటర్నెట్, ఒక నోట్‌బుక్ ఉంటే చాలు.

1. హద్దు గీసుకోండి

1979 నుంచి 1989 వరకు పెట్టుకోండి. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో డీజే కూల్ హెర్క్ తన చెల్లెలు పెట్టిన పార్టీలో రికార్డులు తిప్పింది 1973 ఆగస్టు 11న, హిప్‌హాప్ పుట్టింది అప్పుడే అంటారు. ర్యాప్ మాత్రం డిస్కుల మీదికి ఎక్కింది 1979లో. అన్నీ వినేయాలని టెన్షన్ పడొద్దు, ఇరవై పాటలు ఎంచుకుంటే బోలెడు పని.

2. అట్ట వదిలేసి లేబుల్ చదవండి

రికార్డుల వివరాలు ఉండే డిస్కాగ్స్ సైట్‌లో పాట పేరు కొట్టండి. టైపు చేసిన వివరాల దగ్గరే ఆగకుండా, డిస్కు మధ్యలో ఉండే గుండ్రటి లేబుల్ ఫొటోను పెద్దది చేసి చూడండి. పాట పేరు కింద చిన్న అక్షరాల్లో రాసినవాళ్ల పేర్లుంటాయి. మనకు కావలసింది అదే.

‘ద మెసేజ్’తో మొదలుపెట్టండి. 1982లో షుగర్ హిల్ కంపెనీ విడుదల చేసింది. పెద్దగా కనిపించేది గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ద ఫ్యూరియస్ ఫైవ్. రాసినవాళ్లలో మాత్రం ఫ్లెచర్ అనే పేరుంటుంది. అతనే డ్యూక్ బూటీ అని పిలిచే ఎడ్ ఫ్లెచర్, షుగర్ హిల్ స్టూడియోలో వాయించే ఆర్టిస్టు. ఆ పాట పుట్టింది అతని దగ్గర. చరణాలు పాడింది అతనూ, మెలీ మెల్‌ అనే ర్యాపరూ (ఆ గుంపులో ఇతనొకడు). మొదటి నుంచి చివరి దాకా వినండి, డీజే అయిన ఫ్లాష్ టర్న్‌టేబుల్ (రికార్డు తిప్పే యంత్రం) మీద చేసే పనితనం ఎక్కడా ఉండదు. ఇంకో తమాషా ఏమిటంటే, మెలీ మెల్ చివర్లో చెప్పే ఆ ప్రసిద్ధ చరణం అప్పటికే 1979లో ఎంజాయ్ అనే హార్లెమ్ కంపెనీ డిస్కులో వచ్చేసింది. ‘సూపర్‌ర్యాపిన్’ పెట్టుకుని వింటే మీకే తెలిసిపోతుంది.

3. స్టూడియో బ్యాండ్ ఎవరో చూడండి

మొదటి ర్యాప్ డిస్కుల్లో శాంపిళ్లు, అంటే పాత రికార్డు నుంచి నేరుగా తీసుకున్న ముక్కలు, లేవు. పాత పాటలోని వరుసను బ్యాండ్‌తో మళ్లీ వాయించేవారు. షుగర్ హిల్‌లో ఆ పని ఎక్కువగా డగ్ వింబిష్ (బేస్), స్కిప్ మెక్‌డొనాల్డ్ (గిటార్), కీత్ లెబ్లాంక్ (డ్రమ్స్) చేశారు. ఎంజాయ్ కంపెనీకి పంప్‌కిన్ అనే డ్రమ్మర్ ఉండేవాడు. ఒక పేరు దొరికిందంటే దాని మీద నొక్కి, అతను వాయించిన మిగతా డిస్కులన్నీ చూడండి. వరసగా నాలుగు వింటే ఆ చేతి తీరు తెలిసిపోతుంది.

4. లేబుల్ అబద్ధమాడితే?

ఆడుతుంది. 1979 నాటి ‘రాపర్స్ డిలైట్’ తీసుకోండి. అది పాడినవాళ్లలో ఒకడైన బిగ్ బ్యాంక్ హ్యాంక్ తన వంతులో ఇంగ్లిష్ అక్షరాలు ఒక్కొక్కటే పలుకుతూ ఒక పేరు చెబుతాడు. జాగ్రత్తగా కూడబలుక్కుంటే అది ‘కాసనోవా ఫ్లై’. అది హ్యాంక్ పేరు కాదు, కోల్డ్ క్రష్ బ్రదర్స్ అనే గుంపులోని గ్రాండ్‌మాస్టర్ క్యాజ్‌ది! క్యాజ్ రాసుకున్న మాటలను హ్యాంక్ యథాతథంగా స్టూడియోకి పట్టుకెళ్లాడు, ఎదుటివాడి పేరు తీసేయాలని కూడా తోచలేదు. రాసినవాళ్ల జాబితాలో క్యాజ్ పేరు లేదు. ఇంతకన్నా నిర్మొహమాటమైన సాక్ష్యం ఏ పత్రికలోనూ దొరకదు.

బూగీ డౌన్ ప్రొడక్షన్స్ అనే గుంపు 1987 ఆల్బమ్‌లోనూ ఇలాంటిదే ఉంది. ఆ బీట్ల వెనక అల్ట్రామాగ్నెటిక్ ఎంసీస్ అనే ఇంకో గుంపుకి చెందిన సెడ్-జీ చేయి చాలా ఉంది, ప్రొడ్యూసర్‌గా (ఇక్కడ డబ్బు పెట్టేవాడు కాదు, పాటను తీర్చిదిద్దేవాడు) మాత్రం అతని పేరు వేయలేదు.

ఇలాంటి చోట ఇంటర్వ్యూలే దిక్కు. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అన్నది కూడా రాసుకోండి. ‘నేనే మొదట చేశాను’ అనే మాటను, అది ఎవరన్నా సరే, నేను సగమే నమ్ముతాను.

5. ఆడవాళ్ల పేర్లు విడిగా వెతకండి

ఫంకీ ఫోర్ ప్లస్ వన్ అనే గుంపులో ఆ ‘ప్లస్ వన్’ షా-రాక్ అనే అమ్మాయి. 1981 ఫిబ్రవరిలో ఈ గుంపు సాటర్‌డే నైట్ లైవ్ అనే టీవీ షోలో కనిపించింది. సౌత్ కరోలినా నుంచి వచ్చిన ముగ్గురమ్మాయిల సీక్వెన్స్ గుంపు 1979లోనే డిస్కు ఇచ్చింది. అందులో యాంజీ బి తర్వాత యాంజీ స్టోన్‌గా పేరు తెచ్చుకుంది. షుగర్ హిల్‌ను నడిపిందీ సిల్వియా రాబిన్సన్ అనే ఆవిడే. డిస్కు కూడా ఇవ్వని వాళ్లు కావాలంటే కార్నెల్ యూనివర్సిటీ ఆన్‌లైన్‌లో పెట్టిన పాత పార్టీ కరపత్రాలు తిరగేయండి.

6. ఇప్పుడు చెవికి పని పెట్టండి

లారీ స్మిత్ అని న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతపు బేస్ గిటారిస్టు. రన్-డీఎంసీ గుంపు మొదటి రెండు ఆల్బమ్‌లకు రసెల్ సిమన్స్‌తో కలిసి ప్రొడ్యూసర్. 1983 నాటి ‘సకర్ ఎంసీస్’ వినండి. డ్రమ్ మెషీన్ దెబ్బ, చప్పట్లు, గొంతు, దాదాపు అంతే. వెంటనే హూడినీ గుంపు 1984లో పాడిన ‘ఫైవ్ మినిట్స్ ఆఫ్ ఫంక్’ పెట్టండి, సింథసైజర్‌తో నిండుగా, నున్నగా సాగుతుంది. రెండూ ఒకే మనిషి చేతి పని. నన్నడిగితే ఆ దశాబ్దంలో అందరికన్నా ఎక్కువ అన్యాయం జరిగింది ఇతనికే. 2014లో పోయాడు.

తర్వాత పాల్ సి. క్వీన్స్‌లోని 1212 స్టూడియోలో ఇంజనీరు. అల్ట్రామాగ్నెటిక్ ఎంసీస్ 1988 ఆల్బమ్‌లో అతని పని ఉంది. పాత స్టీరియో రికార్డుల్లో డ్రమ్స్ ఒక చెవి వైపు, బాకాలు ఇంకో చెవి వైపు ఉండేవి కొన్ని. అతను ఒక వైపును పూర్తిగా ఆపేసి, రెండో వైపు నుంచి డ్రమ్స్‌ను శుభ్రంగా లాగేవాడు. మీరూ చేసి చూడొచ్చు. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్తే ఎడమ కుడి ఆడియో బ్యాలెన్స్ ఉంటుంది. అరవైల చివరి ఫంక్ (అమెరికా డ్యాన్స్ సంగీతం) పాట ఏదైనా పెట్టి, బ్యాలెన్స్‌ను ఒక పక్కకి పూర్తిగా జరపండి. అన్ని పాటల్లో కుదరదు, కుదిరిన చోట డ్రమ్మర్ ఒక్కడే మిగులుతాడు.

1989 జూలైలో పాల్ సి హత్యకు గురయ్యాడు, అప్పటికి వయసు 24. అప్పుడు అతని చేతిలో ఉన్నది ఎరిక్ బి అండ్ రకీమ్ అనే జంట ఆల్బమ్. మరుసటి ఏడు విడుదలై, అతనికే అంకితమైంది. మిగిలిన పనిలో చేయి వేసింది అతని దగ్గరే శాంప్లర్ (పాత పాటల ముక్కలు తీసి వాయించే యంత్రం) నేర్చుకున్న లార్జ్ ప్రొఫెసర్ అనే కుర్రాడు. ప్రొడ్యూసర్‌గా అతనికీ పేరు పడలేదు. నోట్‌బుక్‌లో తర్వాతి పేజీ అతనితో మొదలుపెట్టండి. మెయిన్ సోర్స్ గుంపుతో అతను 1991లో తెచ్చిన ఆల్బమ్ పక్కన పెట్టుకుని వింటే, గురువు దగ్గర్నుంచి ఏం తెచ్చుకున్నాడో డ్రమ్స్‌లోనే దొరుకుతుంది.