ఆటోలో కరెంటు, హ్యాండ్ బ్రేకు సమస్యలు: మనమే ఎలా చూసుకోవాలి?

సెల్ఫ్ ఎత్తకపోతే కొత్త బ్యాటరీ. హ్యాండ్ బ్రేకు జారితే లివర్ దగ్గర నట్టు రెండు చుట్లు బిగింపు. బెజవాడలో చాలా ఆటోలకు జరిగే వైద్యం ఇంతే. కొత్త బ్యాటరీ వేసిన కొద్ది రోజులకే సెల్ఫ్ మళ్లీ మొరాయిస్తుంది. బిగించిన బ్రేకేమో వెనక డ్రమ్మును పెనంలా కాలుస్తుంది. ఈ రెండు పనులూ సరిగ్గా, ఇంటి ముందు చెట్టు నీడలో ఒక పూటలో చేసుకోవచ్చు. ఓపిక కావాలి, వరస తెలియాలి. వరస తప్పితే ఎన్ని పానలున్నా దండగే.

ఇది పెట్రోలు, సీఎన్‌జీ, డీజిల్ ఆటోల సంగతి. ఈ-ఆటోల్లో మోటారుకి వెళ్లే కరెంటు లెక్క వేరు, వాటి జోలికి ఇలా వెళ్లకండి.

సామాను

పానల సెట్టు, స్క్రూ డ్రైవరు, జాకీ, జాకీ స్టాండు, రెండు పెద్ద రాళ్లు, మల్టీమీటరు, గరుకు కాగితం, పాత టూత్ బ్రష్, పెట్రోలియం జెల్లీ, టేపు. అంతే.

వీటికి తోడు ఒక టెస్ట్ ల్యాంపు కావాలి. 21 వాట్ల ఇండికేటర్ బల్బుకి హోల్డరు పెట్టి రెండు వైర్లు లాగితే అదే టెస్ట్ ల్యాంపు. మల్టీమీటరు ఉండగా ఇదెందుకని చాలామంది అడుగుతారు. లోపల చిలుము పట్టి పోగులు సరిగ్గా ఆనని వైరులో కూడా మల్టీమీటరు 12 వోల్టులే చూపిస్తుంది, ఎందుకంటే అది వైరు నుంచి కరెంటు దాదాపు ఏమీ తీసుకోదు. బల్బు దాదాపు రెండు ఆంపియర్లు లాగుతుంది కాబట్టి గుడ్డిగా వెలిగి ఆ వైరు బండారం వెంటనే బయటపెడుతుంది. హెడ్‌లైటు, హారన్, టెయిల్ ల్యాంపు వైర్లకు నేనైతే బల్బే వాడతాను, మీరూ అదే వాడండి. ఒక్క జాగ్రత్త: 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 బండ్లలో ఇంజిన్ కంప్యూటర్‌కి వెళ్లే వైర్లకు ఈ బల్బు పెట్టొద్దు. అక్కడ మల్టీమీటరే.

సీఎన్‌జీ బండి అయితే పని మొదలుపెట్టే ముందు సిలిండర్ వాల్వు కట్టేయండి. గ్యాస్ వాసన వస్తుంటే బండిని ఆరుబయట వదిలేసి గ్యాస్ మెకానిక్‌ని పిలవండి. ఆ రోజు కరెంటు పని వద్దు.

బ్యాటరీ దగ్గర

రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే స్టార్ట్ చేయకముందు మీటరు పెట్టండి. 12.6 వోల్టులు ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 కంటే తక్కువైతే ముందు ఛార్జింగ్ పెట్టించండి, తీర్పు తర్వాత. ఇంజిన్ నడుస్తుండగా కాస్త రేజ్ చేసి చూస్తే 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. అసలు పెరగకపోతే ఛార్జింగ్ రావట్లేదని అర్థం, అలాంటప్పుడు కొత్త బ్యాటరీ వేసినా అదీ చస్తుంది. 15 దాటుతుంటే ఆర్ఆర్ యూనిట్ (ఛార్జింగ్ వోల్టేజీని అదుపులో ఉంచే పెట్టె) మీద అనుమానపడండి. మే ఎండలకు మన ఊళ్లో బ్యాటరీ నీళ్లు తగ్గడం మామూలే. వారం వారం ఆరిపోతుంటే మాత్రం అది ఎండ పని కాదు. పోసేది డిస్టిల్డ్ వాటరే. ఇంట్లో ఆర్వో నీళ్లు పోసేసి అవీ ఇవీ ఒకటేనని వాదించేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు.

ఎర్త్

ఎర్త్ అంటే కరెంటు ఛాసిస్ మీదుగా బ్యాటరీ మైనస్‌కి తిరిగొచ్చే దారి. కరెంటు జబ్బుల్లో ఎక్కువ భాగం ఇక్కడే ఉంటాయి, అయినా ఎవరూ చూడరు. బ్రేకు తొక్కితే ఇండికేటర్ కూడా గుడ్డిగా వెలగడం, హారన్ కొడితే లైటు మినుక్కుమనడం, సెల్ఫ్ కొడితే కట్‌కట్‌మని ఆగిపోవడం లాంటివి కనిపిస్తే ముందు ఎర్త్ చూడాలి. పరీక్ష తేలిక. మీటరు ఎర్ర వైరు ఇంజిన్ బాడీకి, నల్ల వైరు బ్యాటరీ మైనస్ పోస్టుకే (దాని మీది క్లాంపుకి కాదు) ఆనించి ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్టుల లోపు వస్తే బాగున్నట్టు. అర వోల్టు దాటిందంటే దారిలో ఎక్కడో అడ్డం ఉంది.

ఆ అడ్డం సాధారణంగా మైనస్ వైరు ఛాసిస్‌కి బిగించిన చోట దొరుకుతుంది. బోల్టు తీసి రింగును తిప్పి చూడండి. పైకి మెరుస్తూనే ఉంటుంది. ఛాసిస్‌కి ఆనే వైపు మాత్రం పచ్చటి చిలుము పొడిపొడిగా రాలుతుంది, గోటితో గీకితే గానీ కింద రాగి కనబడదు. రింగునీ, ఛాసిస్ మీద పెయింటునీ లోహం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, గట్టిగా బిగించాక పైన జెల్లీ రాయండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు వీధులన్నీ మునిగాయి. అప్పుడు నీళ్లలో ఉన్న బండిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు ఒక్క బోల్టుతో ఆగకూడదు, కప్లర్లన్నీ (వైర్లను కలిపే ప్లాస్టిక్ జాయింట్లు) విప్పి చూసుకోవాలి.

బ్యాటరీ వైర్లు విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు మైనస్ ఆఖరున. ప్లస్ విప్పుతుండగా పాన ఛాసిస్‌కి తగిలినా నిప్పురవ్వలు రాకూడదంటే ఇదే పద్ధతి.

ఫ్యూజు కొట్టేస్తుంటే అదే ఆంపియర్ ఫ్యూజు వేయాలి. సిగరెట్ పెట్టె రేకు చుట్టి వేస్తే ఫ్యూజు బదులు వైరింగ్ కాలుతుంది. మళ్లీ మళ్లీ పోతుంటే ముందు మీరు తర్వాత పెట్టించుకున్న రంగు లైట్లు, సౌండ్ బాక్సు, ఫోన్ ఛార్జరు విప్పేసి చూడండి. హెడ్‌లైటు వైరు కోసి దానికే పురి పెట్టి కలిపిన కనెక్షన్ ఒకటి తప్పకుండా దొరుకుతుంది.

మీ బండిలో హ్యాండ్ బ్రేకు లైటు ఉండి, లివర్ దించినా ఆరకపోతే వెంటనే బ్రేకు మీద పడకండి. చాలా బండ్లలో ఆ స్విచ్ చేసేది వైరును ఎర్త్‌కి కలపడమే. స్విచ్ దగ్గర వైరు ఊడదీయండి. లైటు ఆరితే స్విచ్ ఇరుక్కుంది. ఆరకపోతే వైరు ఎక్కడో ఒరుసుకుని ఛాసిస్‌కి తగులుతోంది, లేదా బ్రేకు ఆయిల్ తగ్గింది. కొన్ని బండ్లలో రెండిటికీ ఒకటే లైటు.

హ్యాండ్ బ్రేకు: ఇక్కడే అందరూ చెడగొడతారు

లివర్ లాగితే కేబుల్ లాగుతుంది, కేబుల్ వెనక చక్రాల డ్రమ్ముల్లో ఉన్న లైనర్లను తెరుస్తుంది, అవి డ్రమ్ముకి ఆని చక్రాన్ని పట్టుకుంటాయి. లైనర్లు అరిగేకొద్దీ వాటికీ డ్రమ్ముకీ మధ్య సందు పెరిగి, లివర్ పైదాకా వచ్చినా పట్టు రాదు. సందు పెరిగింది చక్రం దగ్గర కాబట్టి తగ్గించాల్సింది కూడా అక్కడే. కానీ నట్టు చేతికి అందేది లివర్ వైపు, కాబట్టి అందరి చెయ్యీ అటే పోతుంది. కేబుల్ బిగిస్తే లివర్ దించినా లైనర్లు పూర్తిగా వెనక్కి రావు, రోజంతా డ్రమ్మును రాసుకుంటూనే ఉంటాయి. లైనర్ గాజులా నున్నబడుతుంది, వీల్ సిలిండర్ (కాలి బ్రేకు ఆయిల్‌తో లైనర్లను నెట్టేది) రబ్బర్లు ఉడికిపోతాయి, మైలేజీ పడిపోతుంది. చివరికి కాలి బ్రేకు కూడా పోతుంది. హ్యాండ్ బ్రేకు కోసం మొదలెట్టిన పనికి అసలు బ్రేకే బలి.

అందుకని మొదటి పని కేబుల్ నట్టును పూర్తిగా వదులు చేయడం. మీకు అనుమానంగా ఉన్నా సరే, వదులు చేయాల్సిందే. కేబుల్ లాగుతూ ఉండగా చక్రం దగ్గర చేసిన సర్దుబాటు అబద్ధం.

బండి చదునైన గట్టి నేల మీద ఉండాలి. ముందు చక్రానికి ముందొక రాయి, వెనకొక రాయి పెట్టండి. హ్యాండ్ బ్రేకు మీరే విప్పేశారు, ఇప్పుడు బండిని ఆపేది ఆ రాళ్లే. గేరు న్యూట్రల్‌లో పెట్టి ఒక వెనక చక్రం లేపి, ఛాసిస్ కింద స్టాండు పెట్టండి. జాకీ మీదే వదిలేసి కింద చెయ్యి పెట్టకండి. న్యూట్రల్ మర్చిపోతే లేపిన చక్రం తిరగదు, బ్రేకు పట్టేసిందనుకుని మంచి డ్రమ్మును సుత్తితో బాదేవాళ్లున్నారు.

చక్రం తిప్పుతూ వినండి. డిఫరెన్షియల్ (వెనక రెండు చక్రాలకూ ఇంజిన్ బలం పంచే గేర్లు) వల్ల కొంచెం బరువుగా తిరగడం సహజం. సర్దే చోటు బండిని బట్టి మారుతుంది: వెనక ప్లేటు మీద బోల్టుండొచ్చు, రంధ్రంలోంచి స్క్రూ డ్రైవరుతో తిప్పే పళ్ల చక్రమైనా ఉండొచ్చు. కొన్నిటికి అదే సర్దుకునే ఏర్పాటుంటుంది, అక్కడ డ్రమ్ము విప్పి అది ఇరుక్కోలేదని చూసుకుంటే చాలు. సర్దేది ఉంటే చక్రం చేత్తో కదలనంత వరకు బిగించండి. తర్వాత కొద్దికొద్దిగా వదులుతూ, చక్రం తిరుగుతుంటే లోపల సన్నగా ‘స్స్’ మని రాపిడి వినబడే చోటికి రండి. అక్కడి నుంచి ఇంకొంచెం వదిలితే ఆ శబ్దం ఆగుతుంది. ఆపాల్సింది అక్కడ. ఇప్పుడు కాలి బ్రేకు నాలుగైదుసార్లు గట్టిగా తొక్కి మళ్లీ తిప్పండి. లైనర్లు నడిమికి సర్దుకుని, ఇందాక ఆగిన శబ్దం తిరిగి రావచ్చు. వస్తే ఇంకాస్త వదలండి. ఈ తొక్కే పని ఎగ్గొట్టిన బండ్లే రెండో రోజు డ్రమ్ము కాలుతోందని వస్తాయి. రెండో చక్రానికీ ఇదే. రెండు వైపులా ఒకేలా ఉండకపోతే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

బిగించినా పట్టు రావట్లేదంటే డ్రమ్ము విప్పి లైనర్ చూడాలి. నూనె తడి కనిపిస్తే వీల్ సిలిండర్ కారుతోంది, లేకపోతే యాక్సిల్ సీలు పోయింది. లీకు ఆపి కొత్త లైనర్లు వేయాలి. పెట్రోలుతో కడిగి ఆరబెట్టి మళ్లీ వేయడం పొదుపు కాదు. లోపలి దుమ్మును ఎయిర్ పెట్టి ఊదకండి, పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు. తడి గుడ్డతో తుడవండి.

ఇక కేబుల్. చివరల్లో పోగులు లేచినా, తుప్పు పట్టి లాగితే కరకరలాడినా మార్చేయండి. బాగుంటే ఇప్పుడు బిగించండి, అదీ కొద్దిగానే. లివర్ లాగుతుంటే వినబడే టిక్కుల్లో మొదటి ఒకటి రెండు ఖాళీగా పోవాలి, నాలుగైదు టిక్కులకల్లా రెండు చక్రాలూ గట్టిగా పట్టాలి. మీ బండి మాన్యువల్‌లో వేరే లెక్క ఉంటే దాన్నే పాటించండి. మొదటి టిక్కుకే పట్టేలా చేయమని అడిగే డ్రైవర్లున్నారు, గట్టిగా ఉంటే మంచిదని వాళ్ల లెక్క. నేనైతే చేయను. లివర్ దించి రెండు చక్రాలూ మళ్లీ తిప్పి చూసి, నచ్చాకే లాక్ నట్టు బిగించండి.

తర్వాత బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ రెండు మూడు కిలోమీటర్లు వెళ్లి రండి. దిగి, అరచేయి వెనక భాగాన్ని డ్రమ్ముల దగ్గరగా పెట్టి చూడండి, తాకొద్దు. రెండూ గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. ఒకటి సెగ కొడుతుంటే ఆ చక్రం మళ్లీ వదులు చేయాలి.

వాలు మీద పరీక్షకు ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డుకో ఫ్లైఓవర్‌కో వెళ్లొద్దు, ట్రాఫిక్‌లో పని కాదు. వన్‌టౌన్‌లో కొండ కింద ఖాళీగా ఉన్న చిన్న ఎత్తు చాలు. బండిలో ప్యాసింజర్లెవరూ ఉండకూడదు. డ్రైవరు సీట్లో ఒకరు కాలి బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చోవాలి, రాయితో మరొకరు పక్కన నిలబడాలి, బండి జారే దారిలో కాదు. లివర్ లాగి మెల్లగా కాలు తీయమనండి. ముందు ఎత్తుకి ఎదురుగా, తర్వాత బండి తిప్పి పల్లానికి ఎదురుగా చూడండి. రెండు వైపులా ఆగితేనే అయినట్టు.

కొత్త కేబుల్ వేసి ఉంటే కొన్నాళ్లకు కాస్త సాగుతుంది, అప్పుడు లివర్ వైపు నట్టు ఒకసారి సర్దండి. ఆ నట్టును నేరుగా తిప్పొచ్చని నేను ఒప్పుకునేది ఆ ఒక్కసారే.